ఒంటి సర్వరున టపాల లోపము - పూరణోపాయములు

సొంతముగా నొక సామాజిక మాధ్యమ సర్వరును నెలకొల్పుకొనినవాఁడు మొదటి దినమున ననుభవించు ఆశ్చర్య మొకటి కలదు. డొమైనుపేరును గొని, యంత్రమును నెలబాడుగకుఁ దీసికొని, మాస్టొడాన్ అను సాఫ్ట్‌వేరును దానియందు నిలిపి, తన పేర ఖాతా తెఱచి చూడఁగా అందేమియు నుండదు. నివాసపుట శూన్యము. స్థానిక కాలక్రమము శూన్యము. లోకమందలి సర్వరులనుండి టపాలు వచ్చి చేరు తావని పేరుపడిన సమాఖ్య కాలక్రమమును శూన్యమే. అదే క్షణమున మాస్టొడాన్.సోషల్ వంటి పెద్ద సర్వరునందు ఖాతా గల మిత్రుని తెరమీఁద టపాలు కాలువవలెఁ బాఱుచుండును. ఇరువురు వాడునది యొక్క సాఫ్ట్‌వేరే, చేరినది యొక్క సమాఖ్యయే. అట్లుండ నీ భేద మేల కలిగెను? చాలమంది యిది స్థాపనలోని దోషమని తలఁచి కన్ఫిగరేషను ఫైళ్లను మరల మరల దిద్దుదురు. కొందఱు రెండు మూఁడు దినములు వేచి, విసిగి, సర్వరును మూసివేసి పెద్ద సర్వరునకే పోవుదురు. స్థాపన నిర్దుష్టమే. ఈ శూన్యత ఆ వ్యవస్థయొక్క స్వభావమునుండియే పుట్టినది. స్వభావ మెఱింగినవానికిఁ బూరణోపాయము దానంతటఁ దోఁచును.

పూర్వవృత్తాంతము సంక్షేపముగాఁ జెప్పిన చాలును. మాస్టొడానును జర్మనీలో నుండి యూగెన్ రాచ్కో 2016లో వెలువరించెను. ఇది ట్విట్టరువంటిదే కాని, యెవరైనను తమ యంత్రముమీఁద నిలుపుకొనఁదగినది. అట్లు వేఱువేఱుగా నిలిచిన సర్వరులు తమలోఁ దాము మాటలాడుకొనుటకు యాక్టివిటీపబ్ అను నియమావళి యేర్పడినది. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియము దీనిని 2018 జనవరి 23వ తేదీన ప్రమాణముగా నంగీకరించెను. దీనిని రచించినవారిలో ఇవాన్ ప్రొడ్రోము ఒకఁడు. మిస్‌కీ, ప్లెరోమా, పిక్సెల్‌ఫెడ్, పీర్‌ట్యూబ్, లెమ్మీ మున్నగు సాఫ్ట్‌వేరు లన్నియు నీ నియమావళినే పలుకును. వీని సముదాయమునకు ఫెడివర్సని వ్యవహారము. 2019 నవంబరులో భారతదేశమునుండి కొందఱును, 2022 అక్టోబరులో ట్విట్టరు చేతులు మాఱిన పిదప లోకమంతటినుండి లక్షలకొలఁది జనులును దీనిలోఁ జేరిరి. వారిలోఁ బెక్కురు పెద్ద సర్వరులనే చేరుటకు ముఖ్యకారణములలో నీ వ్యాసవిషయమైన శూన్యత యొకటి.

ఇంక స్వభావము. ఫెడివర్సునకు నడిబొడ్డున నన్ని టపాలను దాఁచిన కోశాగార మేదియు లేదు. ఒక్కొక్క సర్వరు తన ఖాతాదారుల టపాలనే తానుగా నుంచుకొనును. పరుల టపాలు దానికి రావలె నన్నచో నవి పంపఁబడవలయును. దేవదత్తుఁ డొక సర్వరునను, యజ్ఞదత్తుఁడు వేఱొక సర్వరునను ఉన్నా రనుకొందము. దేవదత్తుఁడు యజ్ఞదత్తు ననుసరింపఁ గోరిన యెడల, దేవదత్తుని సర్వరు యజ్ఞదత్తుని సర్వరున కా కోరికను విన్నవించును. అది యంగీకరింపఁబడిన నాఁటినుండి యజ్ఞదత్తుఁడు వ్రాసిన ప్రతి టపాయు దేవదత్తుని సర్వరు ఇన్‌బాక్సునకుఁ బ్రతిగా వచ్చును. విన్నపము లేనిచోటఁ బంపు లేదు. వాక్యమందుఁ బదమునకుఁ బదాంతరముతో నాకాంక్ష లేనిదే యన్వయము కుదురదని శాబ్దికు లందురు గదా. ఇచట ననుసరణమే యాకాంక్ష. ఎవనియందు నాకాంక్ష గలదో వాని టపాయే వచ్చి యన్వయించును.

కావున సమాఖ్య కాలక్రమ మన్నది సమాఖ్యయందలి టపా లన్నియుఁ గాదు. పేరు విని యట్లు భ్రమపడుట సహజమే. ఆ సర్వరునందలి ఖాతాదారు లందఱు ననుసరించు పరులయొక్క టపాల సంకలనమే యది. లక్ష ఖాతాలు గల సర్వరున లక్షమంది యాకాంక్షలు కలసి మహాప్రవాహ మగును. అందుఁ గ్రొత్తగాఁ జేరినవాఁ డెవ్వరి ననుసరింపకున్నను ఆ ప్రవాహమును జూడఁగలఁడు, ఇతరుల యాకాంక్షాఫలమును దా ననుభవించును. ఒక్కఁడే యుండు సర్వరున నట్టి పరార్జిత మేమియు లేదు. తా నెవ్వరి ననుసరింపనిదే యెవ్వరి టపాయు రాదు. ఈ యొక్క విషయము తెలిసిన మొదటి యాశ్చర్యము తీఱును.

ఐనను, రానిదానిని లేనిదానిగాఁ గొనుట మఱియొక భ్రమ. పాణినీయమున లోప మనఁగాఁ గనఁబడమి కాని, లేమి కాదు. ఈ భేద మిచటఁ బ్రతిపదమున నుపయోగించును. ఒక ప్రసిద్ధ రచయిత పుటను ఒంటి సర్వరునుండి తెఱచి చూచినచో నందు టపాలు రెండో మూఁడో యుండవచ్చును, లేదా యొక్కటియు లేకపోవచ్చును. వానిక్రింద, పరసర్వరులలోని పాతటపాలు చూపఁబడవను సూచనయుఁ గనఁబడును. ఆతఁ డేమియు వ్రాయలే దనుకొని మఱలిపోయినవారు పెక్కురు కలరు. ఆతఁడు వేలకొలఁది టపాలు వ్రాసియుండును. అవి యాతని సర్వరున నున్నవి. అనుసరణము ముందునకే గాని వెనుకకుఁ బ్రసరింపదు గావున, నవి యీ సర్వరునకు రాలేదు. ఇష్టపడినవారి సంఖ్యయు, మరల పంచినవారి సంఖ్యయు నట్లే తక్కువగాఁ గానవచ్చును.

ఉత్తరప్రత్యుత్తరముల విషయమున నీ లోపము కేవల మసౌకర్యమై యూరకుండదు, మనుష్యుల నడుమ మనస్తాపమునకును గారణ మగును. దేవదత్తుఁడు విష్ణుమిత్రు ననుసరించుచున్నాఁడు, యజ్ఞదత్తు ననుసరింపలేదు. యజ్ఞదత్తుఁ డొక ప్రశ్న వేసెను. దానిని విష్ణుమిత్రుఁడు మరల పంచెను. ఆ పంచుటచేత మూలమైన ప్రశ్న దేవదత్తుని సర్వరునకు వచ్చినది. కాని, యంతకుముందే పదిమంది పది సర్వరులనుండి యా ప్రశ్నకు సమాధానములు చెప్పియున్నారు. అవి యజ్ఞదత్తుని సర్వరునకుఁ జేరినవి. తనకు వచ్చిన యుత్తరములను యజ్ఞదత్తుని సర్వరు ఆతని యనుచరుల సర్వరులకుఁ బంపు నేర్పాటు కొంతవఱకుఁ గలదు గాని, దేవదత్తుని సర్వరున నాతని కనుచరుఁడే లేఁడు గనుక దాని కిచటఁ బ్రసక్తి లేదు. దేవదత్తునకుఁ బ్రశ్న యొక్కటే కనఁబడును. ఎవ్వరును జెప్పలేదే యని తలఁచి, సద్భావముతో పదునొకండవ మాఱదే సమాధానము చెప్పును. యజ్ఞదత్తునకు విసుగు పుట్టును. అష్టాధ్యాయి తుది మూఁడు పాదములలో విధింపఁబడిన కార్యములు పూర్వశాస్త్రదృష్టికి అసిద్ధములు, అనఁగా జరిగియు జరుగనట్టివే. దేవదత్తుని సర్వరుదృష్టికి నా పది సమాధానములు నట్టివి. శాస్త్రమం దసిద్ధత్వము ప్రక్రియాసౌకర్యమునకై బుద్ధిపూర్వకముగాఁ గల్పింపఁబడినది. ఇచట నది యెవ్వరును గోరకయే పుట్టి, మఱ్యాదగలవానిని మఱ్యాదలేనివానిఁగాఁ జూపుచున్నది. సొంతసర్వరు పెట్టుకొనినవారు మాటపొందిక యెఱుఁగనివారని పెద్ద సర్వరులవా రపుడపుడు గొణఁగుటకు మూల మిదియే. ఆ నింద యన్యాయము.

ఉపాయములలోఁ బ్రథమ మనుసరణమే. తక్కినవన్నియు దానికి శేషములు. ఇరువదిమంది నేర్పరులను వెదకి యనుసరించిన యెడల, వారి టపాలతోఁ గూడ వారు మరల పంచినవియు వచ్చును. పంచఁబడిన టపాయొక్క మూలము సర్వరునఁ జేరి సమాఖ్య కాలక్రమమునను నిలుచును. కావున విరివిగా నితరుల రచనలను పంచు నలవాటు గలవారిని మొదటఁ బట్టుట మేలు. ఇదివఱకుఁ బెద్ద సర్వరున ఖాతా యున్నవాఁడు తా ననుసరించువారి జాబితాను సీఎస్‌వీ ఫైలుగా దించుకొని, క్రొత్త సర్వరున నెక్కించుకొనవచ్చును. ఒక్క గడియలో శూన్యము పోవును. ఇంక నొక్క టపాయే కావలసినచో, దాని యూఆర్‌ఎల్‌ను వెదకుగడిలో నతికించిన నా టపాను సర్వరు స్వయముగాఁ బోయి తెచ్చును. చిన్న యుపాయమే గాని, యుత్తర మీయఁ బూనువాని కత్యంతోపయుక్తము.

రెండవది హ్యాష్‌ట్యాగుల ననుసరించుట. 2022 నవంబరులో వెలువడిన మాస్టొడాన్ 4.0లో నీ సౌకర్యము వచ్చినది. దీనిఁ గూర్చి యొక యపోహ కలదు. #తెలుగు అను ట్యాగు ననుసరించిన లోకమం దా ట్యాగు గల టపా లన్నియు వచ్చునని యనుకొందురు. రావు. ఈ యనుసరణ మెవ్వరికిని విన్నపముగాఁ బోదు. సర్వరునకు వేఱు త్రోవల వచ్చిన టపాలలో నా ట్యాగు గలవానిని జల్లించి నివాసపుటకుఁ జేర్చుట మాత్రమే దీని పని. జల్లెడ పట్టుటకు ముందు ధాన్యము రావలయును గదా.

తెలుఁగువారికి నీ జల్లెడలో మఱియొక చిక్కు కలదు. యంత్రమునకుఁ బ్రకృతిప్రత్యయవిభాగము తెలియదు. #తెలుగు వేఱు, #తెలుగులో వేఱు, #తెలుగుకు వేఱు. విభక్తి చేరఁగానే ట్యాగు మాఱిపోవును. ఆంగ్లమున శబ్దమునకుఁ బ్రాయికముగా రూపభేదము తక్కువ గనుక వారి కీ బాధ యంతగాఁ దెలియదు. పెద్దయక్షరముల చిన్నయక్షరముల భేదమును యంత్రమే పరిహరించును. మనకో, వాక్యమునడుమ నామమునకు ముందు # గుర్తు పెట్టినంతనే దాని వెనుకనున్న ప్రత్యయమును ట్యాగులోఁ గలిసిపోవును. సమాసమును విడఁదీసి వ్రాసిన మొదటి పదము మాత్రమే ట్యాగగును, కలిపి వ్రాసిన మొత్తమగును. #తెలుగుపద్యము ననుసరించువానికి #తెలుగు పద్యము అని వ్రాసినవాని టపా దొరకదు. అంతేగాక #పద్యము, #పద్యం అనునవి యంత్రదృష్టికి రెండు జాతులు. గ్రాంథికవ్యావహారికవాదము లింకను సమసిపోలేదని నమ్మువారి కిది చక్కని దృష్టాంతము! తగవు తీర్చుకొను తీరిక లేనివారు రెండురూపముల ననుసరింతురు గాక. వ్రాయువారు మాత్రము ట్యాగులను వాక్యమునఁ గలుపక, టపా చివర వేఱుగాఁ బ్రాతిపదికమాత్రముగా నిలుపుట యుత్తమము. భాషాసంకేతమునుఁ గూడ మఱవరాదు. ప్రతి టపాకును వ్రాయువాఁడు భాషను నిర్దేశించును. తెలుఁగున వ్రాసియు ఆంగ్లమని గుర్తుండఁ జేసినచో, కాలక్రమమునఁ దెలుఁగు మాత్రమే చూప నియమించుకొనినవానికి నది కనఁబడదు. తెలుఁగుటపాలు కొఱఁతగాఁ దోఁచుట కీ పొరపాటును గొంత కారణమే.

మూఁడవది రిలే. 2018లో వచ్చిన మాస్టొడాన్ 2.5నుండి దీని కవకాశము కలదు. రిలే యనునది టపాల సంత వంటిది. దానిలోఁ జేరిన సర్వరులు తమ బహిరంగ టపాలను దానికిఁ బంపును. అది యొక్కొక్కదానిని చేరిన సర్వరు లన్నిటికిని మరలఁ బంపును. అనుసరణము వ్యక్తిపరమైన యాకాంక్ష, రిలే సర్వరుపరమైన సామాన్యవిధి. సర్వరు నిర్వాహకుఁడు నిర్వహణపుటలో రిలేయొక్క ఇన్‌బాక్సు చిరునామాను జేర్చి, యావలివారి యంగీకారమునకై వేచియుండవలయును. అంగీకృతమైన నిమిషముననే సమాఖ్య కాలక్రమము కదలనారంభించును. రిలేవలన వచ్చిన టపాలు నివాసపుటలోనికిఁ దమంతటఁ దాము రావు. కాని, వానిలో ననుసరింపఁబడిన ట్యాగులు గలవి వచ్చును. ఇందుచేత రిలేయు హ్యాష్‌ట్యాగనుసరణమును బరస్పరోపకారకములు. ఒకటి ధాన్యము తెచ్చును, మఱియొకటి జల్లించును. రెంటిలో నొక్కదానినే నమ్ముకొనినవారు వంచితులగుదురు. రిలే యుభయముఖమని కూడ నెఱుఁగవలయును. తన టపాలును దానిద్వారా పదుగురి సర్వరులకుఁ బోవును. అనుచరులు లేని క్రొత్తవాని కిది మేలే.

ఐతే పెద్ద రిలే చిన్న సర్వరునకు వరదవంటిది. వచ్చిన ప్రతిటపాకును సంతకమును సరిచూడవలయును, రచయిత వివరములు తేవలయును, వాని ముఖచిత్రమును, టపాకుఁ జేర్చిన బొమ్మలను దించుకొనవలయును, లంకెల పరిచయపత్రములు కట్టవలయును. ఈ పనులన్నియు సైడ్‌కిక్ అను పనివరుసలో నిలుచును. ఒకటి రెండు గిగాబైట్ల జ్ఞాపకశక్తి గల బాడుగయంత్రమున నా వరుస గంటలకొలఁది వెనుకఁబడును. ఆఱుగంటలకు మించి యాలస్యమైన టపా నివాసపుట కెక్కదు. కాలక్రమమును నింపుకొనఁ బోయి, యున్న మిత్రుల టపాలనే పోఁగొట్టుకొనుట! తెలియని భాషల టపాలును, ప్రకటనలును, యంత్రములు వ్రాసిన వార్తాశీర్షికలును రాశిపోసినట్లు వచ్చుటయు రిలేయొక్క మఱియొక గుణము. శూన్యముకంటె నది మేలని చెప్పుట కష్టము. ఒకానొక విషయమునకో భాషకో పరిమితమైన చిన్న రిలే యున్న దానినే యెన్నుకొనవలయును.

ఈ చిక్కును గుర్తించి కొందఱు నేర్పరులు 2022 చివర వచ్చిన జనప్రవాహమునకుఁ బిమ్మటఁ గొన్ని యుపకరణములను గల్పించిరి. ఫేక్‌రిలే యనునది పేరునకుఁ దగినట్లే కృత్రిమమైన రిలే. గెట్‌మోర్‌ఫెడివర్స్ అనునది కోరిన ట్యాగులు గల టపాల చిరునామాలను బెద్ద సర్వరుల బహిరంగ కాలక్రమములనుండి యేఱి దాని కందించును. అది వానిని రిలేనుండి వచ్చినట్లుగా ఒంటి సర్వరునకుఁ బంపును. వరద లేకుండఁ గాలువమాత్రము వచ్చును. ఫెడిఫెచర్ అను పైథాన్ గ్రంథ మింకను సూక్ష్మమైనది. నియతకాలమున నడపినచో, నివాసపుటయందలి టపాలకుఁ గల యుత్తరములను వానివాని సర్వరులకుఁ బోయి తెచ్చును, క్రొత్తగా ననుసరింపఁబడినవారి పాతటపాలనుఁ గొన్నిఁటిని దెచ్చును. దేవదత్తుని యిక్కట్టునకు మందు నేరుగా నిదియే. ఆ లోపమును మాస్టొడాన్ కర్తలును దుదకు గుర్తించిరి. 2025లో వెలువడిన 4.5 సంచికయందు, సంభాషణను దెఱచినపుడు లేని యుత్తరములను సర్వరే వెదకి తెచ్చుకొను నేర్పాటు కలదు. తొమ్మిదేండ్లు పట్టినది. ఒంటి సర్వరు పెట్టుకొనువారు పాత సంచికలను వదలుట కీ యొక్క కారణము చాలును.

ఇట్లు తెచ్చుకొనుట ధర్మమేనా యను శంక పుట్టును. బహిరంగముగా వ్రాసినదానిని జదువుట తప్పు గాదు. కాని, యంత్రముచేత నేఱించి కూర్చుకొనుటను ఫెడివర్సువాసులలోఁ జాలమంది సహింపరు. వెదకుట కనువుగా సర్వుల టపాలను గూర్చిపెట్టఁ బూనినవారిపైఁ బలుమాఱు కోపాగ్ని రేఁగినది. మాస్టొడాన్ 4.2 సంచిక 2023 సెప్టెంబరులో టపాలను వెదకు సౌకర్యము నిచ్చినపుడు, వ్రాసినవాఁడు సమ్మతించిననే యాతని టపాలు వెదకుటకు దొరకునట్లు నియమించిరి. పై యుపకరణములను వాడువా రీ మర్యాదను మనసున నిడుకొనవలయును. ఒక సర్వరు తన బహిరంగ కాలక్రమమును మూసికొనినచో వేఱు దారి వెదకరాదు. తనకుఁ జదువుకొనుటకై తెచ్చుకొనుట వేఱు, పరులకుఁ బంచుటకై కోశము గట్టుట వేఱు.

ఇంతకంటె గురుతరమైనది బాధ్యత. పరసర్వరులనుండి వచ్చిన బొమ్మలు నిర్వాహకుని డిస్కుమీఁదనే నిలుచును. అవి యెట్టివో తానెఱుఁగఁడు. స్టాన్‌ఫర్డ్ ఇంటర్నెట్ అబ్జర్వేటరీవారు 2023లోఁ బ్రసిద్ధమైన 25 మాస్టొడాన్ సర్వరులను రెండుదినములు పరిశీలించి, పిల్లలపై జరిగిన యత్యాచారములకు సంబంధించి ముందే గుర్తింపఁబడిన చిత్రములతో సరిపోలినవి 112 కనుఁగొనిరి. రిలేకు వాకిలి తెఱచినవాఁ డట్టివానికిని తెఱచినట్లే. కావున రిలేను జేర్చుటకు ముందే, దుష్టసర్వరుల నిషేధపట్టికను నెక్కించుట విధి. పెద్ద సర్వరుల నిర్వాహకులు తాము నిరోధించినవానిని బహిరంగముగాఁ బ్రకటింతురు. రెండుమూఁడు పట్టికలను బోల్చి, యన్నిటను గనఁబడువానిని నిరోధించిన మొదటి రక్షణ యేర్పడును. ఈ పని పిదపఁ జేయుద మనుకొనువాఁడు సామాన్యముగా నెన్నఁడును జేయఁడు.

లెమ్మీ మొదలగు చర్చాసంఘ సాఫ్ట్‌వేరులలోను మొదటి శూన్యత యిట్టిదే, కాని పూరణ సులభము. అచట వ్యక్తినిగాక సంఘము ననుసరింతురు. సంఘము తనలోని టపాలను, వ్యాఖ్యలను దన చందాదారుల సర్వరు లన్నిటికిఁ దానే పంచును. పది సంఘములకుఁ జందా కట్టిన సర్వరు కళకళలాడును.

పెద్ద సర్వరున నుండిన నీ శ్రమయేల యని యడుగువారికి సమాధానము లేకపోలేదు. పెద్ద సర్వరు నిండుగా నుండుట యం దందఱు చేరుటవలననే. నిండుగా నుండుటచేతనే మఱింతమంది చేరుదురు. ఈ చక్రమట్లే తిరిగినచో సమాఖ్య పేరునకే మిగులును. ఒకని చేతిలో నున్న ట్విట్టరును విడిచివచ్చినవారు మఱియొకని చేతిలోఁ బడినట్లగును. సొంతసర్వరు గలవాని టపాలను దీసివేయు నధికారము గాని, యాతని ఖాతాను మూయు నధికారము గాని వేఱొకనికి లేదు. ఆ స్వాతంత్ర్యమునకు వెల నెలబాడుగయు, నీ పూరణశ్రమయు. ఒక తెలుఁగువాఁ డొంటి సర్వరు పెట్టుకొనిన, ముందు నిషేధపట్టిక, తరువాత ముప్పది నలువదిమంది యనుసరణము, పిదప రెండురూపముల ట్యాగులు, ఫెడిఫెచరు. రిలే చివర, అదియుఁ జిన్నది. వారము దినములలో నాతని పుట చదువఁదగినదిగా నుండును.

వచ్చినదానిని దీసివేయుటయుఁ దెలిసియుండవలయును. నిర్వహణపుటలో దించుకొన్న బొమ్మల నిలువకు గడువు పెట్టవచ్చును. ఏడుదినములు సాధారణముగాఁ జాలును. గడువు దాఁటిన బొమ్మ పోయినను టపా పోదు, చూడఁ గోరినపుడు బొమ్మ మరల వచ్చును. రిలేను ద్రోసివేసినను, దానివలన నదివఱకు వచ్చిన టపాలు మాత్రము డేటాబేసున నట్లే యుండును. ఎవ్వరును దాఁకని యట్టి పరటపాలను దుడుచుటకు టూట్‌కంట్రోలను ఆజ్ఞాసముదాయమున వేఱొక యాజ్ఞ కలదు. అది సాధారణముగాఁ దొంబది దినములకుఁ బూర్వపువానినే తీసివేయును. తుడిచిన వెంటనే డిస్కు ఖాళీ కానందునఁ గొందఱు భయపడుదురు గాని, డేటాబేసు ఆ తావును క్రొత్తటపాలకై యట్టిపెట్టుకొనును.